బాబాయికి పెట్టిన కట్టడి

మా ఆయన తప్పు చెయ్యరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ కాపు కాసి చూస్తున్నాను, ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. కాలికి బల్ల తగిలితే అది బల్ల పొగరు. దారి తప్పితే ఆ వీధి ఉండాల్సిన చోట ఉండలేదు. కూరలో రెండోసారి ఉప్పు వేసింది తనే అయినా, ఇప్పటికే పడ్డానని చెప్పకుండా ఊరుకుంది ఉప్పు. గొడుగులైతే ఆయన్ని బస్సుల్లో వదిలేసి వాటి దారిన అవి వెళ్ళిపోతాయి. ఇలాంటి మనిషితో కాపురం ఒకందుకు మేలే, ఇంట్లో తప్పులు చేసే ఉద్యోగం మొత్తం నాకే, పోటీకి వచ్చేవాళ్ళు లేరు. అత్తగారు ఉన్నన్నాళ్ళూ ‘మా పెద్దాడు చిన్నప్పటినుంచీ అంతేనమ్మా, పడినా నేలనే తిట్టేవాడు’ అని మురిసిపోయేవారు. నిజమే, నేలకి నోరు లేదు. కానీ ఇవాళ పెద్దాడు తిడుతున్నది నేలని కాదు, చిన్నాణ్ణి. ఆ సంగతి చెబుదామంటే ఆవిడ లేరు, ఉన్నా ముందు నా ముఖమే చూసేవారు, నువ్వేం చేశావన్నట్టు.

ముందుగదిలో తలుపేసుకుని ఆఫీసు మీటింగులో ఉన్నారు ఆయన. పైన ఇస్త్రీ చొక్కా, కింద ఇంటి పైజామా, కెమెరాకి కనిపించినంతమేరే పెద్దమనిషి. నడవాకి అటు చివర చుట్టాల గదిలో, అదే మీటింగులో, మా మరిది చిన్నోడు. ఒక ఇంట్లో రెండు గదుల్లో కూర్చుని అన్నదమ్ములిద్దరూ ఎక్కడో ఉన్న ఆఫీసు పెద్దమేడమ్ ఎదుట ఒకళ్ళనొకళ్ళు ‘సార్’ అనీ ‘డెవలపర్ గారు’ అనీ పిలుచుకుంటున్నారు. నేను మధ్యలో నడవాలో చాప వేసుకుని ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. బట్టలు మడతపెట్టడానికి ఇంట్లో ఇంతకన్నా మంచి చోటు లేదని ఇవాళే కనిపెట్టాను. ఇక్కడో వింత ఉంది, ఆయన మాట ముందు తలుపు సందులోంచి నా ఎడమ చెవికి వస్తుంది, తర్వాత అదే మాట చిన్నోడి స్పీకరులోంచి కుడి చెవికి వస్తుంది. మధ్యలో కాస్త ఆలస్యం. ‘మెషీన్లో లోపం లేదు మేడమ్’ ఎడమ. ‘మెషీన్లో లోపం లేదు మేడమ్’ కుడి. రెండుసార్లు విన్నంత మాత్రాన నిజమైపోతుందా అని నా అనుమానం. ఈ దుప్పటి ఒకటి, నాలుగు మూలలూ దొరికినట్టే దొరికి ఒకటి జారిపోతుంది, ఒక్కదాన్నే మడతపెట్టడం బ్రహ్మతరం కూడా కాదు, ఇద్దరుండాలి. ఇంట్లో ఇద్దరు మగాళ్ళున్నారు, ఇద్దరూ మెషీన్లో ఉన్నారు.

చిన్నోడు రాసిన ప్రోగ్రాం ఒకటుంది. ఈ ఊళ్ళో చిన్న చిన్న ఆసుపత్రుల్లో రోగులకి వరసలు వేసేది, ఎవరి వంతు ఎప్పుడు, ఏ డాక్టరు ఖాళీ, రక్తం పరీక్ష వచ్చిందా లేదా. దానికోసం వాడు కుదురైన ఉద్యోగం వదిలేశాడు. మొదట్లో బాగానే ఉండేది. ఆయన ఆఫీసు దాన్ని తీసుకుని తమ సర్వర్ల మీదికి మార్చిన దగ్గర్నుంచీ పొద్దున్నపూట, రోగులందరూ ఒక్కసారి వచ్చిపడే వేళకి, నత్త నడక. ఆసుపత్రులవాళ్ళు మొత్తుకున్నారు. ఇవాళ పెద్దమేడమ్ తేల్చేస్తుంది, ప్రోగ్రాం తీసి పక్కన పెట్టేయడమా, ఉంచడమా. తీసేస్తే చిన్నోడి కథ అక్కడితో ముగిసినట్టే, ఇంకెవరు రానిస్తారు వాణ్ణి. అది ఒక ఎత్తు. తీసేయమని చెప్పే నోరు అన్నయ్యదైతే, ఆ నోటితో మళ్ళీ ‘అన్నం తిన్నావురా’ అని అడిగినా వీడు బదులు చెప్పడు. నాకు తెలుసు వీణ్ణి. నవ్వుతూనే ఉంటాడు, ఇల్లు మారి ఊరుకుంటాడు. ఇద్దరి మధ్యా కబుర్లు మోసే పని మళ్ళీ నాకే. ఇప్పటికే ఈ నడవాలో ఆ పనే చేస్తున్నాను, ‘మీ అన్నయ్య టీ తాగుతావేమో అడగమన్నారు’, ‘ఆయన్నే వచ్చి అడగమను వదినా’.

‘లిమిట్ ఏదీ నేను పెట్టలేదు మేడమ్.’ ఇదిగో, మళ్ళీ అదే మాట. ఆవిడ అడక్కుండానే. నిన్న భోజనాల దగ్గరా ఇదే అన్నారు, నేను మంచినీళ్ళు కావాలా అని అడిగితే ‘నేనేం లిమిట్ పెట్టలేదు’ అన్నారు. అడగనిదానికి జవాబు చెప్పేవాణ్ణి నమ్మకూడదని మా నాన్న అనేవారు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం సామెతలో వినడమే తప్ప ఎవరూ చూసి ఉండరు గానీ, నేను చూస్తున్నాను, రోజూ, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ తడుముకుంటున్నారు.

ఈ లిమిట్ సంగతి నాకు తెలియనిదేం కాదు. డిగ్రీ చదివాను, చదివిన సబ్జెక్టు వేరైనా చెవులు అవే కదా. కొత్తలో ఒకసారి కరెంటు లేని సాయంత్రం ఆయనే చెప్పారు, అగ్గిపెట్టె, గిన్నెలు ముందేసుకుని. ‘ఇదిగో ఇది పెద్ద కంప్యూటరు. దీని కడుపులో బోలెడు ఉత్తుత్తి కంప్యూటర్లు, మేం మెషీన్లంటాం. ఒక్కోదానికీ తానే ఇంటి మొత్తానికీ యజమానినన్న భ్రమ.’ ‘ఉమ్మడి కాపురమా?’ అన్నాను. ‘అలాగే అనుకో. ప్రాసెసరని ఒకటుంటుంది, అది పొయ్యి. పొయ్యి ఒకటే, వండుకునేవాళ్ళు పదిమంది. ఎవరికెంతసేపో నేను పంచుతాను.’ ఆ ‘నేను’ అన్నప్పుడు గొంతు కొంచెం లావైంది. పంచడం రెండు రకాలట. ఒకటి వాటా. అందరూ ఒకేసారి పొయ్యి దగ్గరికొస్తే ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అన్నది. పొయ్యి ఖాళీగా ఉంటే వాటాతో పనిలేదు, ఎంతైనా వండుకో. రెండోది లిమిట్, కట్టడి. ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా, పొయ్యి ఊరికే మండుతున్నా, నీకింతే, ఇంతకుమించి ఒక్క క్షణం ఇవ్వను. ‘అదేం న్యాయమండీ, మంట వృథా కదా?’ అన్నాను. ‘ఒక్కోసారి అవసరం. శిక్షణకొచ్చిన పిల్లలుంటారు చూడు, వాళ్ళ మెషీన్లకి పెడతాను. లేకపోతే ఏదో పిచ్చి ప్రోగ్రాం రాసి వదిలేస్తారు, అది మొత్తం మింగేస్తుంది.’ ‘మరి కట్టడి పెట్టారని ఆ మెషీనుకి తెలుస్తుందా?’ అప్పుడాయన నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తు. ‘తెలీదు. అదే అందం. లోపల కూర్చుని చూస్తే ప్రాసెసర్ అంతా తనదే. మనం బయటినుంచి కాసేపు నిలబెట్టేస్తాం. నిలబడ్డానని దానికి తెలీదు, పని మాత్రం తెమలదు. లోపలున్నవాడు తన ప్రోగ్రాంలోనే ఏదో లోపముందనుకుని తల బాదుకుంటాడు.’ నేను గిన్నెలు తీసి లోపల పెట్టుకున్నాను. కాపురానికొచ్చిన కొత్తలో ఈ వంటింట్లో పొద్దున్నించీ నిలబడి, పనెందుకు తెమలడం లేదో తెలియక, నాకే చేతకాదేమో అనుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఆయనకి మాత్రం అందంగానే కనిపించింది. బయట నిలబడి చూసేవాళ్ళకి ఏదైనా అందమే.

చిన్నోడు కూడా తల బాదుకుంటున్నాడు. మొన్న మధ్యాహ్నం అన్నం కంచం ముందు పెట్టుకుని గోడ చూస్తూ కూర్చున్నాడు. ‘వదినా, ప్రోగ్రాం మొత్తం విప్పి మళ్ళీ కుట్టాను. ఎక్కడా ముడి లేదు. అయినా నడవదు. నాకు ఈ పని వచ్చని నేనే అనుకుంటున్నానేమో.’ వాడి నోట ఆ మాట విన్నప్పుడే నాలో అనుమానం మెదిలింది. వాడు ఉద్యోగం వదిలిననాడు ముందుగదిలో జరిగిన గొడవ నాకు కళ్ళకి కట్టినట్టుంది. ‘ఏడాది తిరక్కుండా నా గుమ్మంలో నిలబడతావు చూడు’ అన్నారు ఆయన. ఏడాది తిరక్కుండానే వాడు అద్దెగది ఖాళీ చేసి పెట్టెతో మా గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు తీసింది ఆయనే. అప్పుడాయన ముఖంలో బాధ కనిపించింది, ఒప్పుకుంటాను, కానీ ఆ బాధ పక్కనే ఇంకోటీ కనిపించింది, లెక్క సరిగ్గా తేలినవాడి ముఖంలో ఉండే కాంతి. జోస్యం చెప్పినవాడు అది ఫలించేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాడా? పొయ్యి ఈయన చేతిలో, మంట ఈయన చేతిలో, లోపలివాడికి తెలియదు. అదే అందం అన్నారు కదా.

‘ఇంకో రెండు ప్రాసెసర్లు కూడా ఇచ్చాను మేడమ్, అయినా మార్పు లేదు. బయట చూస్తే మా సర్వరు సగం ఖాళీగా ఉంది. అంటే లోపం ప్రోగ్రాంలోనే.’ ఎడమ. కాస్త ఆగి కుడి. ఆ తర్వాత చిన్నోడి గొంతు, గొంతులో నీరసం. ‘లోపల ప్రాసెసర్ ఎప్పుడూ నిండుగానే కనిపిస్తోంది సార్. కానీ అది చేయాల్సిన పని అంత లేదు.’ ‘అందుకే మీ కోడు సరిగా లేదంటున్నాను, డెవలపర్ గారూ.’ గారూ అట. పొద్దున్న వాడి ప్లేటులోంచి రొట్టెముక్క తీసుకు తిన్న మనిషి. పెద్దమేడమ్ ఏదో అంది, సరిగా వినపడలేదు, ‘ఆసుపత్రులకి మధ్యాహ్నంలోగా చెప్పాలి’ అన్న ముక్క మాత్రం పట్టుకున్నాను. ఈ చొక్కా చేతికి బొత్తాం ఊడింది. నేను కుట్టలేదని ఎవరూ అనకముందే కుట్టాలి.

మా వీధి చివరి ఆసుపత్రికి మణికట్టు బెణికి వెళ్ళాను మొన్నామధ్య. కిటికీ వెనకాల అమ్మాయి కంప్యూటరు వైపు చూస్తోంది, కంప్యూటర్లో చిన్న చక్రం తిరుగుతోంది, ఆ చక్రాన్ని బెంచీల మీద ఉన్నవాళ్ళందరం చూస్తున్నాం. ఒక ముసలాయన చేతికర్ర గడ్డం కింద ఆనించుకుని, ‘నా వంతు వచ్చిందా తల్లీ?’ అన్నాడు. ‘వచ్చే ఉంటుంది తాతగారూ, ఇది చెప్పడం లేదు.’ కడుపుతో ఉన్నావిడ లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. చివరికి ‘రేపొస్తాను’ అని వెళ్ళిపోయింది, పక్కనున్న ఆడమనిషి చెయ్యి పట్టుకుని. కిటికీ అమ్మాయి నావైపు తిరిగి, ‘ఎవడు రాశాడోనండీ మహానుభావుడు, వాడు దొరికితే ఈ బెంచీ మీద కూర్చోబెడతాను’ అంది. నేను మణికట్టు చూసుకుంటూ ‘అవునమ్మా’ అన్నాను. అవునమ్మా అన్నానే గానీ మనసొప్పలేదు. మా చిన్నోడు వాళ్ళ వంతు ఆలస్యం చేసేవాడైతే నాకెందుకు తెలియదు? భోజనానికి పిలిస్తే కంచం కడుక్కుని ముందే వచ్చి కూర్చునే రకం వాడు.

ఇంకా ఉన్నాయి నా దగ్గర సాక్ష్యాలు. నేను గదిలోకి కాఫీ పట్టుకెళితే ల్యాప్‌టాప్ మూత సగం దించేస్తారు. ఇన్నేళ్ళలో ఆ మూత దించడం ఎప్పుడూ చూడలేదు, నాకేం అర్థమవుతుందని దించాలి? ఒకరోజు ఫోనులో ఎవరితోనో అంటున్నారు, ‘మొదట్లోనే కట్టడి చెయ్యాలి, తర్వాత నెత్తికెక్కి కూర్చుంటే దించలేం.’ కూరగాయల సంచీ చేతిలో ఉంది, గుమ్మంలోనే ఆగిపోయాను. ఎవరి గురించి? ఏదో మెషీను గురించే కావచ్చు. చిన్నోడి గురించీ కావచ్చు. నా గురించీ కావచ్చు, ఆ వారమే పరదాలు నాకు నచ్చిన రంగువి తెచ్చాను. అన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఇంకోటి. ఈమధ్య తమ్ముడి మీద ప్రేమ ఎక్కువైంది. ‘వాడికింకో రొట్టె వెయ్యి’, ‘వాడి గదిలో దోమలున్నాయేమో చూడు’. చిన్నప్పుడు వీడి గాలిపటం తొక్కి చింపి, ఆ పూటంతా వీణ్ణి భుజాన మోశారట. అత్తగారు చెప్పేవారు ఆ కథ, పెద్దాడి మంచితనానికి నిదర్శనంగా. నేను మాత్రం ఎవరైనా హఠాత్తుగా భుజానెక్కించుకుంటే ముందు నా గాలిపటం ఎక్కడుందో చూసుకుంటాను.

ఈ తెల్ల చేతిరుమాలుకి సిరా మరక. ఉతికినా పోలేదు. ఆరబెట్టాక మరక చూసుకోవడం నా అలవాటు, చూశాక మళ్ళీ తడపడం ఇంకో అలవాటు. లేచి చుట్టాల గది పక్కనున్న స్నానాలగదిలోకి వెళ్ళాను, వెళ్ళడానికి కారణం మరక అని మీరు నమ్మక్కర్లేదు, అక్కణ్ణుంచి చిన్నోడి స్పీకరు ఇంకా బాగా వినిపిస్తుంది. కుళాయి తిప్పాను. నీళ్ళు దారంలా వచ్చాయి. ఈ ఫిర్యాదు పాతదే. వచ్చిన మర్నాడే చిన్నోడన్నాడు, ‘మీ ఇంటి నీళ్ళు కూడా నామీద అలిగాయి వదినా’. ఆయన వెంటనే, ‘వాడికి బకెట్టు నిండేదాకా కూడా ఓపిక లేదు’ అన్నారు. తర్వాత మళ్ళీ వాడు అడిగితే బజారుకెళ్ళి పెద్ద షవరు తెచ్చి బిగించారు, పళ్ళెమంత ఉంటుంది, దానికి కన్నాలే కన్నాలు. బిగించాక నీళ్ళు ఇంకా సన్నగా, ఒక్కో కన్నంలోంచి ఒక్కో చుక్క. ‘షవరు కూడా మార్చాను, ఇంకేం చెయ్యను, లోపం స్నానం చేసేవాడిలో ఉంది’ అన్నారు. చేతిరుమాలు పట్టుకుని నేనలాగే నిలబడిపోయాను. ఇంకో రెండు ప్రాసెసర్లు కూడా ఇచ్చాను మేడమ్. పళ్ళెమంత షవరు.

వంగి చూశాను. బకెట్టు వెనకాల గోడ మూల, పైపు మీద వాల్వు ఒకటుంది. దాని పిడి దాదాపు పూర్తిగా బిగించి ఉంది. నీళ్ళు కూడానా! మంట ఒక్కటే చాలక నీళ్ళు కూడా కట్టేశారా తమ్ముడికి? తలుపేసుకుని లిమిట్ పెట్టలేదు పెట్టలేదంటూ, ఇక్కడ గోడ మూల చీకట్లో! వెళ్ళి ఆ ముందుగది తలుపు తోసి, ఇస్త్రీ చొక్కాతో సహా ఆ పెద్దమేడమ్‌కి చూపిద్దామనిపించింది, ఇదిగోనమ్మా మీ నిజాయతీపరుడు, పైజామాతో. పిడి మీద చెయ్యి వేశాను. వేలికి మెత్తగా ఏదో తగిలింది. సాలెగూడు. పిడినుంచి గోడకి, గోడనుంచి పైపుకి, దట్టంగా, దుమ్ము పట్టి, ఎక్కడా తెగకుండా. ఎన్నాళ్ళనుంచో ఎవరూ ముట్టుకోలేదు దీన్ని. చిన్నోడొచ్చింది మొన్ననే కదా. సాలీడుకి పక్షపాతం ఉండదు.

అయితే ఇది ఎవరికి బిగించింది? చెయ్యి అక్కడే ఉండగా గుర్తొచ్చింది, బాబాయి! మా బాబాయి వచ్చి ఉన్నప్పుడు. బాబాయి షవరు తిప్పి, దాని కింద నిలబడి, ఉద్యోగంలో తనకి జరిగిన అన్యాయాలన్నీ మొదటినుంచీ చెప్పుకునేవాడు, గోడకి. అన్యాయాలు చాలా ఉండేవి. మేడమీది ట్యాంకు ఎండిపోయేది. ‘చుట్టానికి ఎదురుగా చెప్పలేం, వాల్వుకి చెబుదాం’ అని మా ఆయన పానా పట్టుకుని వంగారు, నేను టార్చి పట్టుకున్నాను, ఇద్దరం చప్పుడు కాకుండా నవ్వుకున్నాం, అప్పుడు మేం బాగా కలిసి ఉండేవాళ్ళం, దొంగతనాలకి. బాబాయి వెళ్ళేటప్పుడు గుమ్మంలో, ‘మీ ఇంట్లో నీళ్ళకి కూడా మొహమాటం ఎక్కువే అమ్మాయ్’ అన్నాడు. వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఈ స్నానాలగది వాడినవాళ్ళు లేరు. చుట్టం పోయాడు, కట్టడి ఉండిపోయింది. ఆ తర్వాత ఎవరొచ్చి ఆ గదిలో దిగినా, వాళ్ళు బాబాయి కిందే లెక్క.

సాలీడు పక్కకి పరుగెత్తింది, దాంతోపాటు నా మనసు కూడా. ఆయనకి కొత్తగా ఏదీ చేసే అలవాటు లేదు, పాతది తీసి కాపీ చేస్తారు. మా పెదనాన్న మనవరాలి పెళ్ళికి శుభాకాంక్షలు పంపమంటే, అంతకుముందు ఆఫీసులో రిటైరైన ఒకాయనకి రాసిన సందేశం తీసి, పేరు మార్చి పంపారు. అంతా బాగానే ఉంది, చివరి వాక్యం మార్చడం మర్చిపోయారు. పీటల మీదినుంచి లేచిన పెళ్ళికూతురు ఫోను తెరిస్తే, ‘ఇన్నాళ్ళూ చాలా శ్రమపడ్డారు, ఇకనైనా విశ్రాంతి తీసుకోండి.’ ఇప్పటికీ ఆ పిల్ల కనిపిస్తే విశ్రాంతి ఎలా ఉందే అని అడుగుతాం. తప్పు ఫోనుదట. సరే. చిన్నోడికి మెషీను ఇచ్చిన రోజున కూడా ఈయన గొప్పగా అనలేదూ, ‘మొదటినుంచీ కట్టక్కర్లేదు, ఉన్నదాన్ని కాపీ చేసి నువ్వు కాఫీ కలిపేలోపు ఇచ్చేశాను’ అని? కాఫీ కలిపేలోపు. ఉన్నదాన్ని. ఏ ఉన్నదాన్ని?

ఆయన పెట్టలేదు. నిజంగానే పెట్టలేదు, చిన్నోడికి. పెట్టలేదని అంత గట్టిగా తెలుసు కాబట్టే చూడలేదు. చేతిరుమాలు భుజాన వేసుకుని, రెండు చేతులతో పిడి పట్టుకుని తిప్పాను. మణికట్టు కలుక్కుమంది, వాల్వు కిర్రుమంది. నీళ్ళు ఒక్కసారి వరదలా దూకాయి, బకెట్టు పక్కకి దొర్లింది, తలమీద ఆ పళ్ళెమంత షవరు కూడా విప్పుకుని కుండపోతగా కురిసింది. రేకుల కప్పు మీద వానలా చప్పుడు. నేను నిలువునా తడిశాను.

‘ఏమిటా చప్పుడు? ఎవరి మైకది?’ పెద్దమేడమ్. ‘నాదే మేడమ్, సారీ. మా ఇంట్లో... ఇన్నాళ్ళకి నీళ్ళొచ్చాయి’ చిన్నోడు. ముందుగది తలుపు తెరుచుకుంది. పైజామా, ఇస్త్రీ చొక్కా కలిసి నడవాలో బట్టల కుప్ప దాటుకుంటూ వచ్చాయి.

‘ఏం చేస్తున్నావే! మీటింగు నడుస్తోంది, ఆపు ముందు!’

‘బాబాయికి పెట్టిన కట్టడి తీశానండీ. పాపం, ఆయన వెళ్ళి చాలా కాలమైంది కదా.’

‘అదా? అది అప్పుడే తీసేశాను కదా.’

‘తీశాననుకున్నారు.’

వంగి చూశారు. పిడికి వేలాడుతున్న సాలెగూటి ముక్క చూశారు. నోరు తెరిచారు, వాల్వుని ఏదో అనబోతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. కుళాయి కట్టేసి, అప్పుడడిగాను, చాలా మామూలుగా, కూరేం వండమంటారని అడిగినట్టు.

‘చిన్నోడి మెషీను దేనికి కాపీ అండీ?’

‘దేనికేంటి, మామూలుదే. మన దగ్గర ఉన్న...’ అంటూ ఆగారు. ‘శిక్షణవాళ్ళ...’

షవరు కన్నాల్లోంచి మిగిలిన చుక్కలు ఒక్కోటి పడుతున్నాయి. ఆయన చూపు నావైపే ఉంది గానీ, నేను కనిపిస్తున్నట్టు లేదు, ఎక్కడో ఒక తెరలో, ఎప్పుడూ తెరవని ఒక మూల గడిలో, ఒక అంకె కనిపిస్తున్నట్టుంది.

‘ఇకనైనా విశ్రాంతి తీసుకోండి’ అన్నాను.

పెళ్ళికూతురిలా తెల్లబోయారు. తడి కాళ్ళతోనే ముందుగదిలోకి పరుగెత్తారు. నా చాప మీద, మడతపెట్టిన దుప్పటి మీద, వరసగా ఆయన పాదాలు. ఈసారి ఆయన తలుపు వెయ్యలేదు.

వచ్చి నా చోట్లో నేను కూర్చున్నాను, జుట్టులోంచి నీళ్ళు మెడ వెనక జారుతున్నాయి. లోపల మీటల చప్పుడు, ఆగింది, మళ్ళీ మీటలు. ఇప్పుడు తెరుస్తున్నారు. ఇప్పుడు చూశారు, ఎందుకంటే ఊపిరి గట్టిగా వదిలిన చప్పుడు వచ్చింది. ఇప్పుడేం చేస్తారు? నా అనుమానం ఇంకా పూర్తిగా చల్లారలేదు, నీళ్ళు పోసినా. చప్పుడు కాకుండా ఆ అంకె చెరిపేసి, ‘ఇప్పుడు చూడండి మేడమ్, దానంతటదే సర్దుకుంది’ అనొచ్చు. ఎవరికి తెలుస్తుంది? లోపలున్నవాడికి తెలియదు, అదే అందం. చిన్నోడు జీవితాంతం అనుకుంటాడు, నా కోడులో ఏదో లోపముండేది, అదృష్టం కొద్దీ పోయిందని. ఇంకెప్పుడూ ధైర్యంగా ఒక్క వాక్యం రాయడు. చేతిలో ఒక మేజోడు ఉంది, దాని జత ఎక్కడుందో, వెతకడం లేదు నేను, పట్టుకుని కూర్చున్నాను అంతే.

‘సార్, ఉన్నారా? నిర్ణయం చెప్పేద్దామా?’ అంది పెద్దమేడమ్.

‘ఒక్క నిమిషం మేడమ్. డెవలపర్ గారూ, మీ ప్రోగ్రాం ఒకసారి నడిపి చూడండి.’

అటువైపు చిన్నోడి మీట ఒకటి టక్కుమంది. ఆ వెంటనే వాడి నోట్లోంచి మాట కాని మాట ఒకటి వచ్చింది, చిన్నప్పుడు తప్పిపోయిన బంతి ఎవరో గోడమీదినుంచి తిరిగి విసిరితే వచ్చేలాంటిది. ‘పరిగెడుతోంది మేడమ్! అన్ని ఆసుపత్రులూ ఒకేసారి వేసి చూశాను, పరిగెడుతోంది!’

‘ఏం మార్చారు సార్? ఇంతకీ తప్పెక్కడుంది?’

నేను మేజోడు నలిపేస్తున్నాను. ఇప్పుడొస్తుంది చూడండి, తప్పు కాపీది. తప్పు పాత మెషీనుది. తప్పు ఆ శిక్షణ పిల్లలది. బల్లది, వీధిది, ఉప్పుది. గొడుగుది. లోపల కుర్చీ కిర్రుమంది. గొంతు సవరించుకున్నారు. ఒకసారి కాదు, గొంతు దానంతటది సర్దుకోవడం లేదు.

‘తప్పు ప్రోగ్రాంది కాదు మేడమ్. మెషీనుదీ కాదు.’ మళ్ళీ ఆగారు. ‘శిక్షణవాళ్ళ మెషీనుకి లిమిట్ పెట్టింది నేను. దాన్నే కాపీ చేసి మా తమ్ముడికిచ్చాను, లిమిట్ తియ్యకుండా. ఇన్నాళ్ళూ అక్కడ చూడకుండా వాడిదే తప్పన్నాను. తప్పు నాది.’

మా తమ్ముడు అన్నారు. అందరి ముందూ. ఆయన నోటికి అలవాటు లేని మాటేమో, చివర కాస్త మింగినట్టు వినిపించింది, సరిగా విన్నానా అని నాకే అనుమానం వచ్చింది. ఆ అనుమానం తీరడానికి ఎంతోసేపు పట్టలేదు. కాస్త ఆలస్యంగా, చిన్నోడి గదిలోంచి, నా కుడి చెవిలోకి, అదే గొంతు మళ్ళీ అంది:

‘తప్పు నాది.’